ముందు గుంట, తర్వాత కాలువ, ఆ తర్వాతే డోజర్: గని కట్టే రోజుల్లో నీళ్లను కాపాడే పని

ఓపెన్‌కాస్ట్ గనికి అనుమతులు వచ్చాయంటే అందరూ అడిగేది బొగ్గు ఎప్పుడు తీస్తారని. బొగ్గు కంటే ముందు అక్కడ మా సివిల్ వాళ్ల పని ఉంటుంది. టిప్పర్లు తిరిగే హాల్ రోడ్లు, వర్క్‌షాపు, బొగ్గును చితగ్గొట్టి లోడు చేసే ప్లాంటు (సీహెచ్‌పీ), డీజిల్ బంకు, సబ్‌స్టేషన్, ఆఫీసులు, కూలీల క్యాంపు, ఇవన్నీ లేచేసరికి కనీసం ఒక వానాకాలం, ఒక్కోసారి రెండు గడిచిపోతాయి. గోదావరి లోయలో మణుగూరు, ఇల్లెందు వైపు నుంచి భూపాలపల్లి, రామగుండం, మందమర్రి దాకా నేను చేసింది ఇలాంటి పనులే. గనివల్ల చెరువు పూడిందని ఊళ్లో వాళ్లు అంటారు. నిజానికి ఆ పూడిక మొదలయ్యేది బొగ్గు తీయకముందే, మేం చెట్లు కొట్టి నేల చదును చేసిన మొదటి వానకే.

మన దగ్గర చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి పోస్తే కింది చెరువుకు నీళ్లు. గనికి ఎంచుకున్న నేల దాదాపు ఎప్పుడూ ఏదో ఒక చెరువుకు నీళ్లిచ్చే చెలకో, అడవో అయి ఉంటుంది. అందుకే కొత్తగా సైట్‌కి వచ్చిన ఇంజినీర్లకు నేను ముందు చెప్పేది పని క్రమం గురించి. సైట్‌లో అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట నీళ్లు నిలిచి తేరే గుంట ముందు తవ్వాలి. దానికి నీళ్లు తెచ్చే కాలువలు తర్వాత. మిగతా నేలమీదికి డోజర్ ఎక్కేది ఆ రెండూ అయ్యాకే. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు: ముందు అంతా చదును చేస్తారు, ఆఫీసు కడతారు, వాన పడ్డాక కాలువ గుర్తొస్తుంది.

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఏ పని ఏ నెలలో అని చూపే మీ బార్ చార్టు తీసి సెటిలింగ్ పాండు, అంటే ఆ తేరే గుంట, ఏ నెలలో ఉందో చూడండి. మే మూడో వారానికి అది పూర్తి కాకపోతే చదును పనిని దసరా తర్వాతకు జరపమని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కనీసం ఎంత నేల తెరవాలన్న దాని మీదైనా బేరమాడండి: ఈ వానాకాలంలో కట్టబోయే జాగా మాత్రమే తెరుద్దాం, మిగతా చోట గడ్డీ పొదలూ అలాగే ఉండనిద్దాం అని. తెరవని నేలకు కాలువ ఖర్చు లేదు, పాండు ఖర్చు లేదు. మేనేజర్లకు ఈ మాట తొందరగా ఎక్కుతుంది.

కాగితాల్లో ముందు చూడాల్సినవి

2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి చేతికి రాకముందు పని మొదలుపెట్టకూడదు. జాగా చుట్టూ కంచె వేసుకోవచ్చు, అంతే. దాని తర్వాత 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టాల కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్‌ఈ, అంటే కట్టడం మొదలుపెట్టడానికి సమ్మతి. అడవి భూమి అయితే ఫారెస్టు అనుమతి వేరు. ఇవి తెచ్చేది పై ఆఫీసువాళ్లే అయినా, షరతుల కాపీ సైట్ ఆఫీసులో ఉండాలి. చాలా సైట్లలో ఉండదు. అడిగి తెప్పించుకుని, కాలువలు, పాండ్లు, డంపులు, బోర్ల గురించి ఉన్న షరతులన్నీ పెన్సిల్‌తో గీసుకోండి.

బొగ్గు గనుల అనుమతుల్లో మామూలుగా కనిపించే షరతు ఒకటి చెప్తాను. 50 ఏళ్ల రికార్డు చూసి, ఒక్కసారిగా కురిసే గరిష్ఠ వానకు లెక్కకట్టి, దానిమీద ఇంకో 50 శాతం కలిపి సంపు (నీళ్లు పట్టే గుంత) కట్టాలంటారు. నీళ్లు అందులో ఒండ్రు తేరేంతసేపు నిలవాలని కూడా ఉంటుంది. ఇది గని నడిచే రోజులకని కట్టే రోజుల్లో పక్కన పెట్టేస్తారు. నా దృష్టిలో ఆ లెక్క మొదటి రోజునుంచే వర్తించాలి.

ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ కూడా తెప్పించుకుని చదవండి. ఫలానా ఒర్రె మీద మా కుంట బతుకుతోందనీ, ఫలానా చోట పశువులు నీళ్లు తాగుతాయనీ ఊరివాళ్లు చెప్పినవన్నీ అందులో ఉంటాయి. సర్వే మ్యాపులో దొరకని సంగతులు అక్కడ దొరుకుతాయి.

ఇక బీవోక్యూ, అంటే పనుల పరిమాణాలు, రేట్లు రాసే కాంట్రాక్టు పట్టిక. సిల్ట్ ఫెన్సు (ఒండ్రును ఆపే గుడ్డ కంచె), రాతి చెక్‌డ్యాం, పాండు పూడిక తీయడం, పటిక, పంపు నడిపే మనిషి, వీటికి విడిగా ఐటెం, రేటు ఉండాలి. 'పర్యావరణ జాగ్రత్తలన్నీ కాంట్రాక్టరువే' అని ఒక్క లైను రాసి వదిలేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. డబ్బు రాని పనికి ఏ కాంట్రాక్టరూ ప్రొక్లెయిన్ పంపడు. మీటరుకింత, ట్రిప్పుకింత అని ఉంటే, పూడిక తీయిస్తామని వాళ్లే అడుగుతారు.

వానలో ఒకసారి నడవండి

నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ మ్యాపు ఉన్నా సరే, వాన పడుతున్నప్పుడో, ఆగిన వెంటనేనో సైట్ హద్దు చుట్టూ నడవాలి. పని ఎండాకాలంలో మొదలైతే ఊళ్లో నీరటి పని చేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. నీళ్లు ఎటునుంచి లోపలికొస్తాయి, ఎక్కడ బయటికి పోతాయి, ఏ కుంటలో పడతాయి, ఇవి మ్యాపుమీద చేత్తో గీయండి. పాత కల్వర్టులు, బండి బాటలు కూడా.

నీళ్లు రెండు రకాలు. మన హద్దుకు పైనుంచి, అడవి నుంచో పొలాల నుంచో వచ్చేవి శుభ్రమైనవి. మనం తవ్విన నేలమీద పడ్డవి బురదవి. పైనీళ్లు మన సైట్‌లోకి రాకుండా ఎగువ హద్దు వెంట కాలువ తీసి, చుట్టూ తిప్పి, పాత ఒర్రెలోనే కలపాలి. అలా కలిపితేనే కింది కుంటకు దాని వాటా దక్కుతుంది. వాటిని కూడా లోపలికి రానిస్తే పాండు రెట్టింపు కట్టాలి, పైగా కుంట ఎండుతుంది. పైనీళ్ల కాలువను, బురదనీళ్ల కాలువను ఏ మూలా కలవనీయకండి. వర్క్‌షాపు మూల మలుపు దగ్గరో, రోడ్డు దాటే పైపు దగ్గరో ఈ రెండూ తెలియకుండా కలిసిపోతుంటాయి. అక్కడే నిలబడి చూడాలి.

పని మొదలవక ముందే నమూనాలు తీయించండి: ఒర్రెకు పైన ఒకటి, కింద ఒకటి, చెరువులో ఒకటి, దగ్గరి బావులూ బోర్లూ. ఈఐఏ రిపోర్టులోని లెక్కలు సాధారణంగా వానాకాలం వదిలేసి తీసినవి. వానలో చెరువు మామూలుగానే ఎంత ఎర్రబడుతుందో తెలియకపోతే, రేపు గొడవ వచ్చినప్పుడు మీ దగ్గరా, ఊరి దగ్గరా ఆధారం ఉండదు. తేదీ పడేలా ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి.

పాండు ఎంత ఉండాలి

ఇది కన్సల్టెంటు పనే. కానీ డ్రాయింగు వచ్చినప్పుడు అది నమ్మదగ్గదో కాదో మీకు తెలియాలి కదా. అంచనా లెక్క ఒకటి చేద్దాం.

తెరిచిన నేల 10 హెక్టార్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన. చదును చేసిన మొరం నేల అందులో నాలుగు పాళ్లు తాగి, ఆరు పాళ్లు పారిస్తుందనుకోండి. 1,00,000 చదరపు మీటర్లు × 0.05 × 0.6 = 3,000 ఘనపు మీటర్లు. అంటే 30 లక్షల లీటర్లు, 12 వేల లీటర్ల ట్యాంకర్లు 250. గంటలో! దీన్ని సెకనుకు మారిస్తే 0.83 ఘనపు మీటర్లు.

ఆ నీళ్లను మోసే కాలువ: అడుగున వెడల్పు 0.6 మీటర్లు, నీటి లోతు 0.6, పక్కల వాలు ఒకటికి ఒకటిన్నర, పైన మరో 0.3 మీటర్లు ఖాళీ. సుమారు 350కి 1 వాలులో నీళ్లు సెకనుకు మీటరు వేగంతో పారతాయి. మట్టి కాలువకు అంతకంటే వేగం మంచిది కాదు, అడుగు కోసుకుపోతుంది. వాలు ఎక్కువైన చోట రాయి పరవాలి, లేదా చిన్న రాతి చెక్‌డ్యాంలు వేయాలి. 20కి 1 వాలులో అర మీటరు ఎత్తు చెక్‌డ్యాంలైతే 10 మీటర్లకొకటి. మధ్యభాగం పక్కలకంటే పల్లంగా ఉండాలి. మేస్త్రీలు అందంగా ఉంటుందని పైన సమంగా కడతారు. అప్పుడు నీళ్లు పక్కలనుంచి గట్టును తొలుచుకుని పోతాయి, చెక్‌డ్యాం మాత్రం మధ్యలో చక్కగా నిలబడి ఉంటుంది.

ఇప్పుడు పాండు. 0.02 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువు నిలకడ నీటిలో సెకనుకు సుమారు 0.36 మిల్లీమీటర్లు దిగుతుంది. సెకనుకు 0.83 ఘనపు మీటర్లు వచ్చి పడుతుంటే ఆ రేణువు అడుగుకు చేరడానికి దాదాపు 2,300 చదరపు మీటర్ల నీటి మట్టం కావాలి. 85 మీటర్ల పొడవు, 27 మీటర్ల వెడల్పు. రెండు మీటర్ల నీటిలోతు ఇస్తే 4,600 ఘనపు మీటర్లు పడతాయి. 3,000కు 50 శాతం కలిపిన లెక్కకు సరిపోయింది. అడుగున పూడికకు ఇంకో అర మీటరు వదలండి. నీళ్లు తేరడంలో లోతు కంటే వైశాల్యానిదే పెద్ద పాత్ర. జాగా లేదని ఇరుకుగా తవ్వి లోతు పెంచిన పాండు నీళ్లు నిల్వ చేస్తుంది గానీ తేర్చదు. నీళ్లు ఒక కొసలో పడి మరో కొసలో బయటికి పోవాలి, పక్కపక్కనే ఉండకూడదు.

అంత వాన ఎప్పుడు పడుతుందిలే అనేవాళ్లు ఉంటారు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. పక్కనే భూపాలపల్లి గనులు. అంత వానను ఏ పాండూ ఆపదు. అలాంటి రోజున గట్టు తెగకుండా నీళ్లు పొర్లిపోవడానికి రాయి పరిచిన మత్తడి ఉండాలి. మత్తడి లేని పాండు తెగితే లోపల పేరుకున్న బురదంతా ఒక్కసారిగా కిందికి పోతుంది, అసలు పాండు లేకపోవడమే నయం అనిపిస్తుంది. గట్టు మట్టిని 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, రోలర్ ఎక్కించాలి. టిప్పర్లతో కుప్పపోసి బకెట్‌తో నాలుగు దెబ్బలు కొడితే గట్టు కాదు. చుట్టూ కంచె తప్పనిసరి. పశువులొస్తాయి, పిల్లలూ వస్తారు.

పాండులో రంగులు వేసిన కర్ర ఒకటి పాతండి. పూడిక మూడోవంతుకు వచ్చిందంటే తీయించాలి. తీసిన బురదను గట్టు మీదే పోస్తే మళ్లీ వానకు లోపలికే వస్తుంది.

తేరని బురదకు పటిక

బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్లు. మీటరు దిగడానికి దానికి మూడు రోజులు దాటుతుంది, గాలి కొడితే అదీ లేదు. పాండు ఎంత పెద్దదైనా నీళ్లు టీ రంగులోనే ఉంటాయి. బొగ్గు గనినుంచి బయటికి వదిలే నీటిలో తేలే ఘనపదార్థాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య, నూనె, గ్రీజు 10 మిల్లీగ్రాముల లోపు. ఆ మొదటిది అందుకోవడానికే పటిక.

పది గ్రాముల పటిక పొడిని లీటరు మంచినీళ్లలో కరిగించండి. ఈ ద్రావణం ఒక మిల్లీలీటరు తీసి లీటరు బురదనీటిలో పోస్తే 10 మిల్లీగ్రాముల డోసు. ఐదు గాజు సీసాల్లో పాండు నీళ్లు లీటరు చొప్పున తీసుకుని, సిరంజితో ఒకదానికి 2, తర్వాత వరుసగా 4, 6, 8 మిల్లీలీటర్లు పోయండి. ఐదోది అలాగే వదిలేయండి. నిమిషం గట్టిగా తిప్పి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచండి. సరైన డోసు పడిన సీసాలో మొదట నీరు చిన్నచిన్న పలుకులుగా విరుగుతుంది, అవి మెల్లగా కిందికి జారి పైన తేట మిగులుతుంది. సీసా వెనక న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు చదవొచ్చు. అలా తేరిన వాటిలో అన్నిటికంటే తక్కువ డోసు తీసుకోండి. 4 మిల్లీలీటర్లు సరిపోయిందనుకుంటే 3,000 ఘనపు మీటర్లకు 120 కిలోల పటిక. బస్తా విప్పి పాండు మధ్యలో గుమ్మరిస్తే లాభం లేదు. కరిగించి, నీళ్లు లోపలికి పడేచోట, ఆ ఉరవడిలో కలిసేలా సన్నటి ధారగా వదలాలి. పటిక పీహెచ్‌ను తగ్గిస్తుంది కాబట్టి వదిలేముందు పీహెచ్ మళ్లీ చూడండి. మట్టి మారితే డోసూ మారుతుంది. పాత సైట్ లెక్క ఇక్కడ వాడొద్దు.

పంపు సంగతి. పీల్చే పైపు కొసన ఉండే ఫుట్‌వాల్వును ఖాళీ డ్రమ్ముకు కట్టి నీటి పైభాగంలో తేలేలా ఉంచండి. పైపును అడుగుకు వదిలితే తేరిన బురదనే మళ్లీ ఎత్తిపోస్తారు. ఒక సైట్‌లో హాపర్ (బొగ్గు పోసే తొట్టి) ఫౌండేషన్ గుంత నిండిందని రాత్రి షిఫ్టువాళ్లు నేరుగా ఒర్రెలోకి పంపు పెట్టారు. తెల్లారి వెళ్లి చూస్తే కింది పొలంలో నారుమడి మీద వేలెడు మందం ఒండ్రు. మొలక కొసలు మాత్రం అక్కడక్కడ పైకి కనబడుతున్నాయి. అప్పటికే సాగు ఆలస్యమైంది, మళ్లీ నారు పోసి నాటేసరికి అదను దాటిపోతుంది. ఆ రైతుకు కాంట్రాక్టరు ఇచ్చింది నారు ఖర్చు మాత్రమే. ఆ తర్వాత ఆ సైట్‌లో పంపు స్టార్టరుకు తాళం వేసి, తాళంచెవి షిఫ్టు ఇన్‌ఛార్జి దగ్గర పెట్టారు. మీరు ఆ తాళం మొదటి రోజే వేయించండి.

ఫౌండేషన్ గుంతలో ఊరే భూగర్భ జలం మామూలుగా తేటగానే ఉంటుంది. దాన్ని పైనుంచి పడే బురదనీటితో కలవనీయకుండా గుంత చుట్టూ చిన్న కట్ట పోస్తే చాలు. అయితే లోతైన గుంత నుంచి రోజూ తోడుతుంటే చుట్టుపక్కల బావుల్లో మట్టం దిగుతుంది. తోడటానికి ముందే ఆ బావులు, బోర్ల మట్టం టేపుతో కొలిచి, తెలుగులో రాసి, రైతు సంతకం తీసుకుని, ఒక కాపీ ఆయనకే ఇవ్వండి. వారానికోసారి మళ్లీ కొలవండి. మట్టం దిగితే తోడిన తేట నీటిని ఆ పొలానికే పైపు వేసి ఇవ్వొచ్చు. చాలా గొడవలు అంతటితో చల్లబడతాయి.

మిగతావి

కాంక్రీటు కడిగిన నీళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు. ట్రాన్సిట్ మిక్సర్ కడిగిన నీటి పీహెచ్ 12 దాకా ఉంటుంది. వాగులో పడితే చేపలు పోతాయి. ప్లాస్టిక్ షీటు పరిచిన గుంత ఒకటి చేసి, మిక్సర్లు అక్కడే కడగాలని కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటు దగ్గర తెలుగులో, హిందీలో బోర్డు పెట్టండి. డ్రైవర్లలో సగంమంది ఉత్తరాదివాళ్లు. గుంత దూరంగా ఉంటే ఎవరూ పోరు. మిక్సర్ వెనక్కి వెళ్లే దారిలోనే ఉండాలి.

డీజిల్ ట్యాంకు చుట్టూ కట్టే గోడ ట్యాంకు మొత్తం కారిపోయినా పట్టాలి, మీద పదో వంతు అదనం. వాననీరు పోవడానికని ఆ గోడకు పెట్టే వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. తెరిచి ఉన్న వాల్వుతో ఆ గోడ ఉండీ లేనట్టే. వర్క్‌షాపు పూర్తిగా కట్టకముందే బండ్ల రిపేర్లు మొదలవుతాయి కాబట్టి, నీళ్లలోంచి నూనెను వేరుచేసే ఆయిల్ ట్రాపు ముందే కట్టించండి. కాలిన ఆయిల్ డ్రమ్ముల్లో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. సెంట్రింగ్ పలకలకు రాయడానికి మేస్త్రీలు అడుగుతారు, ఇవ్వొద్దు.

క్యాంపు మరుగుదొడ్లు కూలీలు రాకముందే ఉండాలి. ఇంకుడు గుంతకు బావికి కనీసం 30 మీటర్ల దూరం.

పైమట్టిని 15 నుంచి 30 సెంటీమీటర్ల దాకా విడిగా తీసి, రెండు మీటర్లకు మించని కుప్పలుగా పెట్టి, వానలకు ముందే జనుమో జీలుగో చల్లండి. దుమ్ముకు ట్యాంకర్లు తిప్పుతారు, సరే. నీళ్లు ఎక్కువ కొడితే రోడ్డు బురదై అదే కాలువలోకి దిగుతుంది. తక్కువగా, ఎక్కువసార్లు చల్లించండి. తేరిన పాండు నీళ్లు దీనికి బాగా పనికొస్తాయి, బోరు నీళ్లు వద్దు.

సిల్ట్ ఫెన్సుకు గ్రీన్ నెట్ కట్టేవాళ్లను చాలామందిని చూశాను. అది నీడకు పనికొచ్చే వల, ఒండ్రు దాన్ని దాటిపోతుంది. నీటిని వదిలి ఒండ్రును ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ తెప్పించండి. దాని అడుగు 15 సెంటీమీటర్లు నేలలో పాతాలి. అది దొరికేదాకా యంత్రంతో చుట్టిన వరిగడ్డి బేళ్లను మేకులు దిగ్గొట్టి వరుసగా పెట్టినా కొంత ఆపుతాయి.

సైట్ ఆఫీసు ముందు వానమాపకం పెట్టి రోజూ ఉదయం 8:30కు రాయించండి. 15 మిల్లీమీటర్లు దాటిన ప్రతిసారీ కాలువలన్నీ ఎవరో ఒకరు నడిచి చూడాలి. తెగిన గట్టు, మూసుకుపోయిన పైపు, నిండిన చెక్‌డ్యాం ఏ చైనేజీలో (కాలువ మొదటి నుంచి ఎన్ని మీటర్ల దగ్గర) ఉన్నాయో రిజిస్టరులో రాసి, బాగు చేసిన తేదీ పక్కన వేయాలి. జూన్ 1, డిసెంబర్ 1 నాటికి అనుమతి షరతుల అమలుపై ఆరునెలల కంప్లయన్స్ రిపోర్టు పంపాలి కదా, ఈ రిజిస్టరు ఉంటే అప్పుడు టెన్షన్ ఉండదు. వాలులమీద గడ్డి బాగా పట్టేదాకా తాత్కాలికమని వేసిన చెక్‌డ్యాంలు, ఫెన్సులు పీకనీయొద్దు. ఫైనల్ బిల్లు కోసం సైట్ శుభ్రం చేస్తున్నామని కాంట్రాక్టరు వాటినే ముందు తీసేస్తాడు. బిల్లు మీద సంతకం పెట్టేముందు ఒకసారి వెళ్లి చూసి రండి.